లంబసింగిలో మొరాయించిన డీజిల్ కారు: పార్టులు మార్చే ముందు మీటరు పెట్టండి

మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. 2015 మోడల్ డీజిల్ స్విఫ్ట్, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. ఇల్లు పెదవాల్తేరు. సంక్రాంతికి ముందు లంబసింగి వెళ్లి రాత్రి అక్కడే ఉన్నారు. తెల్లారి ఐదున్నరకు తాళం తిప్పితే ఇంజన్ బద్ధకంగా తిరిగింది గానీ అందుకోలేదు. పది పన్నెండు సార్లు కొట్టాక తెల్లటి పొగ వదిలి, వణుక్కుంటూ స్టార్ట్ అయింది. విశాఖ వచ్చేశాక కూడా పొద్దున్న మొదటిసారి రెండు మూడు సార్లు కొట్టాల్సి వస్తోంది, మధ్యాహ్నం మాత్రం ఒక్క తిప్పుకే అందుకుంటోంది. ఒక మెకానిక్ సెల్ఫ్ మోటార్ మార్చాలన్నాడు, ఇంకొకాయన నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) పోయాయన్నాడు. ఏ మాట వినాలో తెలియక అడుగుతున్నారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. పాతికేళ్లుగా విశాఖలోనే ఆటో ఎలక్ట్రికల్, డీజిల్ పనులు చేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలకి సెల్ఫ్ మోటార్, నాజిళ్ల కంటే ముందు అనుమానించాల్సినవి మూడున్నాయి. బ్యాటరీ, ఎర్త్ కేబుల్ (బ్యాటరీ మైనస్‌ని ఇంజన్‌కి కలిపే తీగ), హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజన్‌ని లోపల ముందుగా వేడిచేసేవి). మీ ఇంటి ముందే, ఐదారు వందల రూపాయల మల్టీమీటర్‌తో, ఒక ఆదివారం పొద్దున్న చాలావరకు తేల్చుకోవచ్చు. కొత్త సెల్ఫ్ మోటార్ బిల్లు ఎంతో మీకు ఇప్పటికే చెప్పే ఉంటారు కాబట్టి మీటరు ఖర్చు లెక్కలోకి రాదు.

అసలు మన ఊళ్లో చలి ఎంతని? డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు. ఆ మాత్రానికి ఏ కారూ మొరాయించకూడదు. లంబసింగి సంగతి వేరు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు మీద ఉంది, జనవరిలో కొన్ని రాత్రులు 5 డిగ్రీల లోపుకి దిగిపోతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని అలా పిలుస్తారట. రాత్రంతా మంచులో నిలబెట్టిన బండి పరిస్థితి కూడా అంతే.

చలి వల్ల బ్యాటరీ పోయిందని చాలామంది అనుకుంటారు. బ్యాటరీని నిజంగా తినేసేది మన ఏప్రిల్, మే నెలలు. బానెట్ కింద వేడికి లోపలి ప్లేట్లు త్వరగా అరిగిపోతాయి, నీళ్లు ఇగిరిపోతాయి. కానీ వేసవిలో ఇంజన్ ఆయిల్ పల్చగా ఉంటుంది, ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, అందుకని సగం సత్తువ పోయిన బ్యాటరీతో కూడా బండి నడిచిపోతుంది. చలిలో రెండూ ఒకేసారి తిరగబడతాయి. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ ఇవ్వగలిగిన దాంట్లో సుమారు ఐదో వంతు తగ్గిపోతుంది, అప్పుడే ఆయిల్ చిక్కబడి ఇంజన్ ఇంకా ఎక్కువ కరెంటు అడుగుతుంది. జీతం కోత పడిన నెలలోనే ఇంట్లో పెళ్లి వచ్చినట్టు. దానికి తోడు మీది డీజిల్. సెల్ఫ్ తిరగకముందే నాలుగు హీటర్ ప్లగ్గులూ కలిసి యాభై ఆంపియర్ల పైనే లాగేస్తాయి.

హీటర్ ప్లగ్గుల కథ ఇంకో రకం. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి ఇంజన్‌లో ఆ వేడిని సిలిండర్ గోడలు లాగేసుకుంటాయి, అందుకే ముందుగా లోపల ఒక చిన్న కడ్డీని ఎర్రగా కాలుస్తారు. అదే హీటర్ ప్లగ్. మీ కారులాంటి కామన్ రైల్ ఇంజన్లు పాతిక డిగ్రీల వాతావరణంలో హీటర్ ప్లగ్గు లేకుండానే అందుకుంటాయి. అంటే విశాఖలో తిరిగే డీజిల్ కారుకి నాలుగింట్లో రెండు చచ్చిపోయినా ఏళ్ల తరబడి యజమానికి తెలియదు. ఘాట్ ఎక్కి ఒక రాత్రి గడిపితే తెలుస్తుంది. నా షాపుకి జనవరిలో వచ్చే డీజిల్ బళ్లలో సగం పైగా అరకు, వంజంగి, లంబసింగి చూసి వచ్చినవే.

మీటరు పట్టుకునే ముందు చెవి పెట్టండి. తాళం తిప్పినప్పుడు ఇంజన్ మూలుగుతూ నెమ్మదిగా తిరిగితే కరెంటు సమస్య, అంటే బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్, లేదా చిక్కటి ఆయిల్. రోజూలాగే చురుగ్గా తిరిగి కూడా అందుకోకపోతే డీజిల్ అందడం లేదు, లేదా వేడి చాలడం లేదు. టక్ అని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటే టెర్మినల్ లూజు గానీ సెల్ఫ్ సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) గానీ. మీరు బద్ధకంగా తిరిగింది అన్నారు, తెల్ల పొగ అని కూడా అన్నారు. తెల్ల పొగ అంటే డీజిల్ సిలిండర్‌లోకి పడుతోంది, కాలకుండా బయటికి పోతోంది. నాకైతే మీ బండికి రెండు జబ్బులు కలిసే ఉన్నాయనిపిస్తోంది. ఒకటి కరెంటుది, ఒకటి హీటర్ ప్లగ్గులది.

ఇప్పుడు పరీక్ష. రాత్రి బండి పెట్టేసి, పొద్దున్న తలుపు తీయకముందే చూడాలి, అందుకని బానెట్ లాచ్ రాత్రే లాగి ఉంచుకోండి. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసేయండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి రెండు పుల్లలూ బ్యాటరీ సీసపు మొలకలకే ఆనించండి, క్లాంపులకి కాదు. 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 దగ్గర ఉంటే ఆ బ్యాటరీ దాదాపు ఖాళీ, అది చార్జ్ చేశాకే మిగతా పరీక్షలకి అర్థం ఉంటుంది.

తర్వాత ఇంట్లో ఒకరిని తాళం తిప్పమనండి, మీరు మీటరే చూస్తూ ఉండండి. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ 10 వోల్టుల పైన నిలబడితే బ్యాటరీకి పర్వాలేదు. 9.6 కంటే కిందికి జారితే, అదీ రాత్రంతా చార్జ్ పెట్టాక కూడా జారితే, దానికి కాలం చెల్లింది. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే డైనమో చార్జ్ చేయడం లేదు, కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజులే.

పెదవాల్తేరు నుంచి సిరిపురం ఆఫీసుకి, మళ్లీ ఇంటికి, రోజూ అంతే తిరుగుతున్నారనుకోండి. సెల్ఫ్ లాగేసింది డైనమో తిరిగి నింపేలోపే బండి ఆపేస్తున్నారు. వారానికోసారి భోగాపురం వైపు హైవే మీద ముప్పావుగంట నడిపితే బ్యాటరీకి ప్రాణం వస్తుంది. ఇంకోటి, బయట బిగించిన డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, స్టీరియో ఉన్నాయా? తాళం తీసేసిన అరగంటకి కారు మొత్తం లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. నేను చూసిన ఒక కారులో పార్కింగ్ మోడ్ డాష్‌క్యామ్ ఒక్కటే దానికి ఆరు రెట్లు తాగుతోంది.

ఇక ఎర్త్ కేబుల్. విశాఖలో కారు పెట్టుకున్నవాళ్లు దీని గురించి కాస్త ఎక్కువే పట్టించుకోవాలి. సముద్రపు ఉప్పుగాలి రాగిని వదలదు.

మూడేళ్ల క్రితం లాసన్స్ బే కాలనీ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు డీజిల్ సెడాన్ తోసుకుంటూ తెచ్చారు. ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు, ఒక సెల్ఫ్ మోటార్ వేరేచోట మార్పించుకున్నారు. పొద్దున్న మాత్రం బండి మూలుగుతూనే ఉంది. బ్యాటరీ చూస్తే 12.6, తిప్పుతుంటే 11 పైనే నిలబడింది. బ్యాటరీ అంత నిక్షేపంగా ఉండి సెల్ఫ్ ఈడుస్తోందంటే మధ్యలో ఎక్కడో కరెంటు ఆగిపోతోందన్నమాట. మీటరు నల్ల పుల్ల బ్యాటరీ నెగెటివ్ మొలకకి, ఎర్ర పుల్ల ఇంజన్ మీద రంగులేని ఇనుముకి ఆనించి తాళం తిప్పమన్నాను. అక్కడ 0.2, మహా అయితే 0.3 వోల్టు రావాలి. 1.6 వచ్చింది. కేబుల్ పైకి చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఇంజన్ వైపు లగ్గు (కేబుల్ కొసన బిగించే రింగు) దగ్గర వేళ్లతో వంచాను. లోపల అప్పడం విరిగినట్టు కరకరలాడింది. బ్లేడుతో పైతొడుగు చీల్చితే రాగి లేదు, జానెడు మేర పచ్చటి పిండి. మాస్టారు ఆ ముక్కని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "నేను రెండు బ్యాటరీల డబ్బు పోసింది దీనికా బాబూ" అన్నారు. మందపాటి కొత్త కేబుల్ వేయించి పంపాను. సెల్ఫ్ అరసెకనులో అందుకుంది. పాత సెల్ఫ్ మోటార్ బాగానే ఉండి ఉంటుంది, పాపం, స్క్రాపులోకి పోయింది.

కాబట్టి మీరు కూడా ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయండి. అర వోల్టు దాటితే కేబుల్ మార్చండి. అతుకు వేసే ఆలోచనొద్దు. ఇంజన్ నుంచి బాడీకి ఇంకో ఎర్త్ పట్టీ ఉంటుంది, అదీ చూడండి. బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మోటార్ వరకు కూడా ఇలాగే చూడాలి, కానీ సెల్ఫ్ కింద ఎక్కడో ఇరుకులో ఉంటుంది, అక్కడ ప్లస్ తగిలి స్పార్క్ వస్తే ప్రమాదం, దాన్ని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. టెర్మినళ్ల మీద తెల్లటి పౌడరు కట్టి ఉంటే ముందు నెగెటివ్ విప్పి, తర్వాత పాజిటివ్ విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, పూర్తిగా ఆరాక బిగించి పైన వాసలీన్ రాయండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

హీటర్ ప్లగ్గులకి ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. పొద్దున్న చల్లటి ఇంజన్ మీద మీటరు బ్యాటరీకి పెట్టి, తాళం ఆన్ వరకే తిప్పండి, సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్గులు కరెంటు తీసుకుంటుంటే వోల్టేజి ఒక్కసారిగా అర వోల్టు, అంతకన్నా ఎక్కువే పడుతుంది, కొన్ని సెకన్లకి రిలే (ప్లగ్గులకి కరెంటు కలిపే స్విచ్) ఆగాక మళ్లీ లేస్తుంది. డాష్‌బోర్డు మీద కాయిల్ లైటు (హీటర్ గుర్తు) వెలిగింది కదా అని నమ్మొద్దు, ఆ లైటుని వెలిగించేది ఇంజన్‌ని నడిపే కంప్యూటరు, ప్లగ్గులు కాదు. వోల్టేజి అసలు కదలకపోతే రెండు కారణాలు ఉండొచ్చు. రిలే, ఫ్యూజ్ పోయి ఉండాలి. లేదా విశాఖ పొద్దుటి వేడికి హీటింగ్ అక్కర్లేదని కంప్యూటరే నిర్ణయించుకుని ఉండాలి. అందుకే ఒక్కో ప్లగ్గునీ విడిగా చూడటం మేలు. పైన వైరు తీసి, ప్లగ్గు మొనకీ ఇంజన్‌కీ మధ్య రెసిస్టెన్స్ కొలవాలి. బాగున్నది ఒక ఓము అటూ ఇటూ చూపిస్తుంది. పోయినది ఏమీ చూపించదు. మీ ఇంజన్‌లో ఒకటి రెండు ప్లగ్గుల దగ్గరికి చెయ్యి పట్టడం కష్టం, ఓపిక ఉంటేనే దిగండి.

కొలవడం మీరు చేసుకోవచ్చు. విప్పడం మాత్రం వద్దు. ఈ మాట అనడానికి నాకు కారణం ఉంది. పని నేర్చుకున్న కొత్తలో, సాయంత్రం కస్టమరు ప్రయాణం ఉందని తొందరపెడుతుంటే, చల్లటి ఇంజన్ మీదే ప్లగ్గు విప్పబోయాను. అల్యూమినియం హెడ్‌లో ఏళ్ల తరబడి బిగుసుకున్న ప్లగ్గది. స్పానర్ మీద బరువు వేశాను. టిక్ అని చిన్న శబ్దం వచ్చింది, స్పానర్ తేలికైపోయింది. ఆ క్షణాన కడుపులో ఏమైందో ఇప్పటికీ గుర్తుంది. కింద సగం హెడ్‌లోనే ఉండిపోయింది. హెడ్ దించి మెషిన్ షాపులో తీయించాల్సి వచ్చింది, ఆ నెల నా సంపాదనంతా దానికే పోయింది. అప్పటినుంచి ముందురోజు రస్ట్ రిమూవర్ కొట్టి నాననిచ్చి, ఇంజన్ బాగా వేడెక్కాకే ముట్టుకుంటున్నాను. కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పుతూ తీస్తాను. మీరు పని ఇచ్చే మెకానిక్‌ని "వేడి మీద విప్పుతారా, చల్లగా ఉన్నప్పుడా" అని అడగండి. ఆ ఒక్క జవాబుతో ఆయన సంగతి తెలిసిపోతుంది.

మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చించండి. పోయినదొకటే మారిస్తే మిగతావి వచ్చే సంక్రాంతికి మళ్లీ షాపుకి తెస్తాయి. పార్టుల గురించి భయం లేదు. మీ 1.3 లీటర్ల ఇంజన్ ఫియట్ వాళ్ల మల్టీజెట్. మారుతి 2020లో డీజిల్ ఆపేసినా, అదే ఇంజన్ ఇండికా విస్టాలో, పుంటోలో, ఇంకా ఎన్నో బళ్లలో వచ్చింది కాబట్టి ఆటోనగర్‌లో దొరకనిది దాదాపు ఉండదు.

ప్లగ్గులన్నీ బాగుండి కూడా చలిలో వేడెక్కడం లేదంటే స్కానర్ (కారు కంప్యూటరు చూపే అంకెలు చదివే పరికరం) పెట్టించండి. పొద్దున్న చల్లటి ఇంజన్ మీద కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రత ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. బయట 18 ఉంటే కూలెంట్ సెన్సార్ 60 చూపిస్తోందనుకోండి, ఇంజన్ వేడిగా ఉందని కంప్యూటర్ మోసపోయి ప్లగ్గులు వెలిగించదు. చిన్న సెన్సార్, పెద్ద తలనొప్పి.

ఆయిల్ ఏది పోశారో కూడా బిల్లు తీసి చూడండి. ఈ ఇంజన్‌కి సాధారణంగా 5డబ్ల్యూ-30 పోయాలి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత పల్చగా ఉంటుందో చెబుతుంది, అది ఎంత తక్కువైతే అంత మంచిది. పాత బండి కదా, చిక్కటిది పోస్తే చప్పుడు తగ్గుతుందని 20డబ్ల్యూ-50 పోసేవాళ్లున్నారు. లంబసింగి చలిలో అది తేనెలా తయారవుతుంది.

డీజిల్ వైపు వస్తే, ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చేయండి, అడుగున నీళ్లు చేరి ఉంటే వదిలించమనండి. మన తేమకి, వర్షాకాలం తర్వాత నీళ్లు చేరడం మామూలే. చలికి డీజిల్ గడ్డకట్టిందని ఎవరైనా అంటే మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోవద్దు. డీజిల్‌లో మైనం తేలి ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రకారం చలికాలంలో 6 డిగ్రీలు, మిగతా కాలంలో 18 డిగ్రీలు దాటకూడదు. లెక్క ప్రకారం లంబసింగిలో 3, 4 డిగ్రీల రాత్రి ఆ ఇబ్బంది రావొచ్చు. కానీ అలా అయితే బండి స్టార్ట్ అయి, రెండు మూడు నిమిషాలకి పికప్ పడిపోయి ఆగిపోతుంది. మీది అలా కాదు. అయినా జాగ్రత్తకి, ఘాట్ ఎక్కే ముందు నర్సీపట్నంలో ట్యాంకు నింపుకుంటే చలికాలపు డీజిలే పడుతుంది.

నాజిళ్లు చిట్టచివర. అవి అరిగితే డీజిల్ ఎక్కువగా రిటర్న్ లైన్‌లోకి పోతుంది, సెల్ఫ్ తిరిగే వేగానికి కామన్ రైల్‌లో (నాజిళ్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో) ప్రెషర్ నిండదు, ప్రెషర్ లేనిదే కంప్యూటర్ నాజిల్ తెరవదు. రిటర్న్ పైపులకి సీసాలు కట్టి ఏ నాజిల్ ఎంత వదులుతోందో కొలిచే పరీక్ష ఉంది. అది చేయకుండా నాజిళ్లు పోయాయన్నవాళ్లకి డబ్బులివ్వకండి. ఇంకో మాట, నాజిళ్లు అరిగిన బండి ఎక్కువగా వేడి మీద కూడా సతాయిస్తుంది. మీది మధ్యాహ్నం ఒక్క తిప్పుకే అందుకుంటోంది కదా.

పెట్రోల్ కారువాళ్లు చదువుతుంటే, మీకు హీటర్ ప్లగ్గుల గొడవ లేదు. బ్యాటరీ, ఎర్త్ పరీక్షలు యథాతథం. తర్వాత చూడాల్సినవి స్పార్క్ ప్లగ్గులు, థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి గాలి వదిలే భాగంలో) మసి. సీఎన్‌జీ బళ్లు ఎక్కువగా పెట్రోల్ మీదే స్టార్ట్ అవుతాయి, ట్యాంకులో నెలల నాటి రెండు లీటర్లే ఉంచుకుంటే పొద్దున్న సతాయించక ఏం చేస్తుంది?

ఈలోగా మళ్లీ కొండ మీదికి వెళ్తే ఇలా చేయండి. రాత్రి బండిని గోడ పక్కన, గాలి తగలనిచోట పెట్టండి. పొద్దున్న ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి కాయిల్ లైటు ఆరేదాకా ఆగండి. ఆపేసి మళ్లీ ఆన్ చేయండి, రెండోసారి కూడా ఆరనివ్వండి. క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి, గేర్‌బాక్స్‌లోని చిక్కటి ఆయిల్‌ని తిప్పే బరువు తగ్గుతుంది. ఒకసారికి పది సెకన్లు మించొద్దు, మధ్యలో ఒక నిమిషం విరామం ఇవ్వండి. జంపర్ కేబుల్ పెట్టాల్సివస్తే ఎర్రది ముందు మీ ప్లస్‌కి, తర్వాత అవతలి ప్లస్‌కి, నల్లది అవతలి మైనస్‌కి, చివరి నల్ల కొస మీ ఇంజన్ ఇనుముకి. మీ బ్యాటరీ మైనస్‌కి కాదు, అక్కడ లేచే నిప్పురవ్వకి బ్యాటరీలోంచి వచ్చే వాయువు అంటుకోవచ్చు.

ఎయిర్ ఫిల్టర్ తీసి స్టార్టింగ్ స్ప్రే కొట్టమని ఎవరైనా చెబితే వినకండి. లోపల ఎర్రగా కాలిన హీటర్ ప్లగ్ ఉంటే ఆ స్ప్రే మానిఫోల్డ్‌లోనే (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలోనే) పేలొచ్చు. డీజిల్‌లో కిరోసిన్ కలపడం పాత లారీలకి చెల్లింది, మీ పంపుకి అది విషం. ఇంజన్ కింద మంట పెట్టి ఆయిల్ వేడిచేసేవాళ్లని ఘాట్ రోడ్డు మీద నేను చూశాను, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం చేసి నాలుగు అంకెలు రాయండి. రాత్రంతా నిలబడ్డాక బ్యాటరీ వోల్టేజి, సెల్ఫ్ తిరుగుతుంటే ఎంతకి పడింది, స్టార్ట్ అయ్యాక ఎంత వచ్చింది, ఎర్త్ కేబుల్ మీద ఎంత. బ్యాటరీ మీద ముద్రించిన తయారీ నెల కూడా చూడండి. నాలుగేళ్లు దాటి ఉంటే ముందు దాన్నే అనుమానిస్తాను.